జనాభా లెక్కకు పోయే మనవడికి

నేను నాలుగుసార్లు జనాభా లెక్క రాశాను. 1981, 1991, 2001, 2011. నాలుగుసార్లూ ఆవపల్లి చుట్టుపక్కల పల్లెలే. మొదటి రెండుసార్లు ఫారం మీద బస్తర్ జిల్లా, మధ్యప్రదేశ్ అని రాశాను. మూడోసారి దంతెవాడ జిల్లా, ఛత్తీస్‌గఢ్. నాలుగోసారికి బీజాపూర్ జిల్లా. ఇళ్ళు అవే, ఇళ్ళ ముందు చింతచెట్లు అవే. కాయితం మీద ఊరు మాత్రం జిల్లాలు దాటుకుంటూ పోయింది. మొదటిసారి జిల్లా కేంద్రం జగదల్‌పూర్. అప్పటి బస్తర్ జిల్లా 39,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, కేరళ రాష్ట్రం కన్నా కాస్త పెద్దది. ఫారాల కట్టలు అక్కడి నుంచి ఇక్కడికి చేరేసరికి వాటి మూలలు చెదలు కొట్టినట్టు అరిగిపోయేవి.

ఇప్పుడు మా మనవడు మాస్టరయ్యాడు. 2027 ఫిబ్రవరిలో వాడికీ డ్యూటీ పడేట్టుంది. ఈసారి కాయితాలు లేవట, అంతా ఫోనేనట. సరే. ఆ ఫోను చెప్పని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి, అవి వాడికే చెప్తున్నా.

1. ఇక్కడ ఊరంటే ఒక చోటు కాదు.

రెవెన్యూ పుస్తకంలో ఒక పేరు ఉంటుంది. తీరా పోతే అయిదారు పారాలు, అంటే గూడేలు. పటేల్ పారా, స్కూల్ పారా, వాగవతలి పారా. పారాకూ పారాకూ మధ్య పొలాలు, ఇప్పచెట్లు, ఒక్కోచోట కిలోమీటరు నడక. ఇంటికీ ఇంటికీ మధ్య కూడా దడి, పెరడు, పందుల దొడ్డి. తెలంగాణలోని చర్లలోలాగా గోడకు గోడ ఆనించి కట్టుకోరు. 1981లో నేను స్కూలు దగ్గరి పారా రాసేసి ఊరయిపోయిందనుకున్నాను. చీకటి పడేవేళకు వాగవతల పొగ లేస్తుంటే చూశాను. అక్కడ పందొమ్మిది ఇళ్ళు! అప్పటి నుంచీ ముందు పొగ ఎక్కడెక్కడ లేస్తుందో చూసుకుని, ఆ తర్వాతే పెన్ను తీసేవాణ్ణి.

2. దూరాన్ని కిలోమీటర్లలో అడగొద్దు. నెల అడుగు.

తాలిపేరు వాగు బాసగూడ ముందు నుంచి పారి, తెలంగాణలో చర్ల దగ్గర ప్రాజెక్టులో నిండి, గోదారిలో కలుస్తుంది. ఉత్తరాన ఇంద్రావతి. మధ్యలో పేరున్నవీ లేనివీ ఎన్ని వాగులో. జూన్ నడుమ వాన పట్టిందంటే సెప్టెంబరు దాకా ఒక్కో పారా ఒక్కో లంక. కింద గోదారి నిండుగా ఉంటే, దానిలో కలిసే చోట వాగుల నీళ్ళు దిగవు, వెనక్కి తంతాయి. ఫిబ్రవరిలో అదే వాగు మోకాలి లోతు. ఆ లెక్కన జనాభా లెక్కకు ఫిబ్రవరి మంచి నెలే (ఎందుకు కాదో కింద చెప్తాను). ఇక పామేడు సంగతి. మన జిల్లా ఊరే, కానీ ఏళ్ళ తరబడి ఆఫీసర్లు సైతం తెలంగాణలోకి దిగి, చర్ల మీదుగా చుట్టి అక్కడికి పోవాల్సి వచ్చింది. సొంతింట్లో వంటగదికి పక్కింటి వాకిట్లోంచి పోవడమన్నమాట.

ఒకసారి అట్లాసు తిరగేస్తూ ఇండొనేషియా దగ్గర ఆగాను. అక్కడ మధ్య కలిమంతాన్ అనే రాష్ట్రం మనలాగే అడవి, వాన, ఉక్క. 2020లో చదరపు కిలోమీటరుకు 17 మందే. అయితే అక్కడ నదే రోడ్డు, పడవలో సామాను పోతుంది. మన నదులు రాళ్ళమయం. వానాకాలమొస్తే మనకు నది గేటు.

3. 39 అనే అంకె.

2011లో బీజాపూర్ జిల్లా జనం 2,55,230. చదరపు కిలోమీటరుకు 39 మంది. అదే ఏడు మొత్తం ఆంధ్రప్రదేశ్‌లో 308, దేశంలో 382. మన జిల్లాలో నూటికి ఎనభై మంది గిరిజనులు, చదువొచ్చినవాళ్ళు నూటికి నలభై చిల్లర. పట్నం నుంచి వచ్చినవాళ్ళకు ఈ 39 చూడగానే 'అబ్బ, ఎంత ఖాళీ' అనిపిస్తుంది. ఖాళీ ఏమీ లేదు. వరి ఒక్క కారే పండే చోట మిగతా తిండి అడవి నుంచే రావాలి. ఇప్పపువ్వు, చింతపండు, సారపప్పు, జీలుగు కల్లు, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో పారాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు.

నాతో ఎక్కువ మాట్లాడిన అంకె ఇంకొకటుంది. 2001 నుంచి 2011కి ఛత్తీస్‌గఢ్ జనం నూటికి 22 పైన పెరిగారు. బీజాపూర్‌లో 9 లోపే. పిల్లలు పుట్టక కాదు. 2005 జూన్‌లో మావోయిస్టులకు ఎదురుగా సర్కారు అండతో సల్వా జుడుం మొదలైంది. ఒకపక్క జుడుం వాళ్ళు, ఇంకోపక్క మావోయిస్టుల దళం. ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. కొందరు రాత్రికి రాత్రి అడవి దాటి ఖమ్మం జిల్లాకు పోయి, అక్కడ గుత్తికోయలు అనిపించుకున్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు జుడుం చెల్లదని చెప్పింది. అప్పటికి నేను లెక్క రాసి నాలుగు నెలలు దాటింది.

4. వయసు ఎంతని అడిగితే నవ్వుతారు.

'నువ్వే రాసుకో గురూజీ' అంటారు. రాసుకుంటే అందరికీ 30, 40, 50 పడతాయి. నేనూ మొదట అట్లాగే రాశాను, పైవాళ్ళ చేత చీవాట్లు తిన్నాను. తర్వాత నా సొంత పంచాంగం ఒకటి తయారు చేసుకున్నా. జగదల్‌పూర్‌లో మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌ను కాల్చి చంపింది 1966 మార్చి. పెద్ద గోదారి వచ్చింది 1986 ఆగస్టు, భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. జుడుం 2005. ఒక ముసలమ్మను అడిగితే, 'రాజు పోయినప్పుడు నా పెద్దోడు చంకలో ఉన్నాడు' అంది. ఆ ఒక్క మాటతో పెద్దోడి వయసు పడింది, తల్లిదీ అటూఇటూగా పడింది. నువ్వు 2022 జూలై గోదారిని కూడా కలుపుకో. ఇప్పటి చిన్నపిల్లలకు అది పనికొస్తుంది.

5. మాతృభాష గడిలో నీకు తోచింది రాయకు.

మనింట్లో తెలుగు. పక్కింటి దొర్లవాళ్ళది సగం కోయ, సగం తెలుగు అనిపించే మాట. అటుపక్క గోండి. సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ. దొర్ల ఆయన నీతో తెలుగు మాట్లాడాడని ఆయన మాతృభాష తెలుగు అయిపోదు. పొయ్యి దగ్గర పిల్లను ఏ మాటతో గదమాయిస్తున్నారో విను. అదే రాయి.

6. పని ఏమిటని అడిగే గడి.

ఆరు నెలలు పైన చేస్తే ముఖ్య పని, తక్కువైతే ఉపపని. ఇక్కడి మనిషిని ఏ గడిలో పెట్టాలి? వానాకాలం వరి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడం, తెల్లవారుజామున మూడింటికి దీపం పట్టుకుని. మేలో తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక మానక్ బోరా, దానికి ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పుడు 5,500 రూపాయలు. అంటే కట్టకు అయిదున్నర, రూపాయికి తొమ్మిది ఆకులు. ఆ తొమ్మిది ఆకులు కోసి, పురుగు కొట్టినవి ఏరేసి, పేర్చి, నారతో కట్టి, ఆకు కొనే ఫడ్‌కు మోసుకెళ్ళాలి. ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, చిన్నపిల్ల కూడా ఆకులు సర్దుతుంది. ఆ ఇంట్లో 'ఏ పనీ లేనివారు ఎందరు' అని అడిగి చూడు.

7. దోమతెర తీసుకుపో.

మలేరియా ముక్త్ బస్తర్ అని 2020 జనవరిలో ఇంటింటికీ వచ్చి, జ్వరం లేనివాళ్ళకూ రక్తపరీక్ష చేశారు. ఒంట్లో పురుగు పెట్టుకుని మామూలుగా తిరిగేవాళ్ళు చాలామంది దొరికారు. పంచిన తెరలతో చేపలు పడుతున్నారని విసుక్కునే ఉద్యోగులు ఉంటారు. నువ్వు విసుక్కోకు.

8. ఫిబ్రవరి.

ఇది అన్నిటికన్నా కష్టం. సంక్రాంతి దాటితే మన పల్లెల్లో సగం మంది మిరప కోతకు పోతారు. వాజేడు, వెంకటాపురం, చర్ల, ఏటూరునాగారం చేలకు. ట్రాక్టర్లు వచ్చి ఎక్కించుకుపోతాయి. చేను గట్టున టార్పాలిన్ గుడిసె, ఎండు మిరప ఘాటు, ఏప్రిల్ దాకా అక్కడే. 2020 లాక్‌డౌన్‌లో అట్లా పేరూరు పోయిన మన జిల్లా పిల్ల, పన్నెండేళ్ళది, మూడు రోజులు నడిచి ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా ప్రాణం విడిచింది.

లెక్క రాసేది సరిగ్గా ఆ నెలలోనే. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ రోజులన్నీ ఇంట్లో లేని మనిషిని ఎక్కడ ఉంటే అక్కడే రాయాలని నియమం. నియమం మంచిదే. కానీ అక్కడి మాస్టారు చేను గట్టు దాకా పోయాడా? పోతే కోయమాట వచ్చినవాణ్ణి వెంట తీసుకుపోయాడా? రెండిళ్ళ చుట్టం ఆకలితో చస్తాడని ఊరికే అనలేదు.

ఆ ఏడు ఒక ఇంటి తడికకు తాడు బిగించి ఉంది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. మిరప కోతకు పోయారని 'ఖాళీ' రాసుకున్నాను. మార్చి 2న ఆవపల్లి బజారులో ఒక ముసలమ్మ నా చొక్కా పట్టుకుంది. 'అన్ని ఇళ్ళకూ పోయావట, మా ఇంటికి రాలేదేం గురూజీ?' చావు కబురొస్తే ఇద్దరు మనవళ్ళను తీసుకుని ఇంకో పారాలో నాలుగు రోజులు ఉందట. మార్చి 5 దాకా దిద్దుకోవడానికి గడువుంది. మర్నాడే నడిచి పోయాను. జావ పోసిచ్చి, వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పింది. తను, ఇద్దరు పిల్లలు. కొడుకూ కోడలూ మిరప కోతలో ఉన్నారు, వాళ్ళు అక్కడి లెక్క. నాలుగో వేలు మడవకుండా కాసేపు పట్టుకుని, చిన్నకొడుకు పేరు చెప్పింది. జుడుం రోజుల్లో చర్ల వైపు పోయాడు, అయిదేళ్ళుగా కబురు లేదు. 'వాణ్ణీ రాయి' అంది.

నేను పెన్ను కదిపాను. పేరు రాయలేదు. రాయలేదని ఆమెకు చెప్పనూ లేదు.