అక్షరమాల ఊళ్లు: రైల్వే పట్నం తయారీ

ఊరు దానంతటదే పుట్టాలంటే ఒక చెరువో, రేవో, నాలుగు దారులు కలిసే చోటో ఉండాలి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు గడ్డి మైదానంలో 1871, 72లో లేచిన కొన్ని ఊళ్లకు ఇవేవీ లేవు. బర్లింగ్టన్ అండ్ మిస్సోరీ రివర్ అనే రైలు కంపెనీ లింకన్ పట్నం నుంచి పడమరకు పట్టాలు వేస్తూ, వాటి పక్కనే ఊళ్లు కూడా వేసుకుంటూ పోయింది. ఊరి శివార్లలో వెంచర్లు వేసేవాళ్లకు ఈ పని చెప్పకుండానే అర్థమవుతుంది. మిగతావాళ్ల కోసం, పద్ధతి ఇదీ.

ముందు నేల ఖాళీగా ఉండాలి. ఉండదు కాబట్టి ఖాళీ చేయించాలి. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న ఈ మైదానం పావ్నీ తెగవాళ్ల వేట నేల. 1833లో ఒప్పందం పేరుతో ప్రభుత్వం దాన్ని రాయించుకుంది. నదికి ఉత్తరాన మిగిలిన పావ్నీలను కూడా 1870లలో ఇప్పటి ఓక్లహోమాకు పంపేశారు. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేసి, మొదటి రైలు కూతతోనే కథ ఎత్తుకుంటారు.

తర్వాత నేలకు గళ్లు గీయాలి. సర్వేయరు చేతిలో 66 అడుగుల ఇనుప గొలుసు ఉంటుంది. ఎనభై గొలుసులు లాగితే ఒక మైలు. మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న గడి ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. 1864 నాటి చట్టం ప్రకారం వేసిన ప్రతి మైలు పట్టాకూ రెండు పక్కలా పదేసి సెక్షన్లు కంపెనీకి వచ్చాయి, బేసి నంబర్లవి మాత్రమే. నెబ్రాస్కాలో మొత్తం కలిపితే సుమారు 24 లక్షల ఎకరాలు! సరి నంబర్లు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. రైలు వస్తోంది కదా అని వాటి ధరను ఎకరం 1.25 డాలర్ల నుంచి 2.50కి పెంచారు. సగం దానం చేసి, తక్కిన సగాన్ని రెట్టింపు ధరకు అమ్మితే ఖజానాకు నష్టం లేదన్నది ఏలినవారి లెక్క. సరి గళ్లలో చాలా నేల హోమ్‌స్టెడ్ చట్టం కింద ఉచితంగానే పోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఎడం నిర్ణయించడం మూడో పని. ధాన్యం బండి కట్టిన రైతు పొద్దున బయల్దేరి, సరుకు అమ్ముకుని, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. ఆవిరి ఇంజనుకు దారిలో నీళ్లూ కావాలి. ఈ రెండూ చూసుకుని ఏడెనిమిది మైళ్లకొక ఊరు చొప్పున గుర్తులు పెట్టారు.

పేర్ల దగ్గర ఎవరూ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. మసాచుసెట్స్ నుంచి వచ్చిన చీఫ్ ఇంజనీరు థామస్ డోన్ హయాంలో ఇంగ్లీషు అక్షరాల వరసలోనే ఊళ్ల పేర్లు వచ్చాయి. లింకన్ దాటగానే ‘ఏ’కి ఎసైలం, ‘బీ’కి బర్క్స్. ఆ తర్వాత క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. డబ్బు బోస్టన్‌ది కాబట్టి డార్చెస్టర్, హార్వర్డ్, లోవెల్ లాంటి ఆ చుట్టుపక్కల పేర్లు గడ్డి మైదానానికి దిగుమతయ్యాయి. మధ్యలో ఫ్రెండ్, సటన్ అనే రెండు ఊళ్లు వరస చెడగొట్టాయి.

ఇక లేఅవుట్. కంపెనీకి దగ్గరివాళ్లే సౌత్ ప్లాట్ ల్యాండ్ కంపెనీ అని మరో బోర్డు కట్టి ఊరి స్థలాలు అమ్మారు. ఇలాంటి ఊళ్ల నమూనా కూడా ఎక్కువగా ఒకటే. పట్టాల పక్కన స్టేషను, దాని ఎదుట నుంచి నిట్టనిలువుగా మెయిన్ స్ట్రీట్. కొట్టుకు పాతిక అడుగుల ముఖం, ఇంటికి యాభై. మూల స్థలం బ్యాంకు వాడికి. జంట గుర్రాల బండి ఆగకుండా వెనక్కి తిరిగేంత వెడల్పున వీధి. గుడికీ బడికీ ఊరి వెనక చోటు చాలు. ముందు వరస మాత్రం వ్యాపారానిదే.

స్టేషను కట్టేటప్పుడు ఒక కిటికీని పట్టాల వైపు గోడలోంచి ముందుకు తోసి కడతారు. ఆ అరలో కూర్చున్న ఏజెంటు లేవకుండానే రెండు వైపులా రైలును చూడగలడు. టిక్కెట్లు, సరుకు బిల్లులు, టెలిగ్రాఫు అన్నీ అతనే. ఆగని రైలుకు ఆర్డరు అందించాలంటే కాగితాన్ని పొడుగాటి కర్ర వలయానికి తగిలించి, పట్టాల అంచున నిలబడి చేయి చాస్తాడు. ఇంజను మీద మనిషి వంగి, వలయంలోకి చేయి దూర్చి లాక్కుంటాడు. కాగితం తీసుకుని వలయాన్ని కిందికి విసిరేస్తే, ఏజెంటు పట్టాల వెంట నడిచి ఏరుకొచ్చుకోవాలి.

స్టేషను పక్కనే ఎలివేటరు, అంటే ధాన్యపు గోపురం. బండిని ముందు కాటా మీదికి ఎక్కించి తూస్తారు. గింజలు కింది గుంటలోకి జారతాయి. పట్టీకి బిగించిన డబ్బాలు వాటిని పైకి తోడి గదుల్లోకి పోస్తాయి. అక్కడి నుంచి గొట్టం గుండా రైలు పెట్టెలోకి. ఖాళీ బండిని మళ్లీ తూచి, తేడాకు డబ్బులిస్తారు. ఊరి పంట ధర తేలేది ఈ కాటా దగ్గరే కాబట్టి, రైతుల తగాదాల్లో సగం ఇక్కడే మొదలయ్యేవి.

మనుషులు లేకపోతే ఇదంతా కలప ఖర్చే. 1872 నాటి కంపెనీ పోస్టర్లు పదేళ్ల వాయిదాలు, ఆరు శాతం వడ్డీ అని ఊరించాయి. ఆ ప్రచారం యూరప్ దాకా పాకింది. క్రీట్ చుట్టూ చెక్ కుటుంబాలు, సటన్‌లో రష్యా నుంచి వచ్చిన జర్మన్లు దిగారు. 1874లో మిడతల దండు వచ్చి మొక్కజొన్నను మొదలంటా నాకేసింది. పోస్టర్లలో దాని మాట లేదు.

అన్నీ ఒకే కొలతతో పోసినా ఊళ్లన్నీ ఒకేలా ఉడకలేదు. జునియాటాకు మొదట జిల్లా కేంద్రం హోదా దక్కింది. దానికి తూర్పున కొద్ది మైళ్లలో మరో కంపెనీ లైను వచ్చి ఈ పట్టాలను అడ్డంగా కోసింది. అక్షరమాలలో చోటు లేని హేస్టింగ్స్ ఆ కూడలిలోనే పుట్టి, 1877 ఓటింగులో జిల్లా కేంద్రాన్ని లాగేసుకుంది. ఇవాళ అక్కడ పాతిక వేల జనం, పక్కన జునియాటాలో వెయ్యి లోపే. లోవెల్ కొన్నాళ్లు భూముల ఆఫీసు హడావిడితో వెలిగింది. 1874లో ఆఫీసు తరలిపోగానే ఊరు చెదిరిపోయింది. నన్నడిగితే ఊరి స్థలం కొనేవాడు వీధి వెడల్పు చూడటం దండగ, పక్క కంపెనీ పట్టాలు ఎటు పోతున్నాయో చూడాలి. ఫెయిర్‌మాంట్‌లో 1884లో మొదలైన వెన్న కంపెనీ పెరిగి పెద్దదై, చివరికి కార్యాలయాన్ని ఒమాహాకు మార్చుకుంది. ఊరి పేరు మాత్రం డబ్బాల మీద దేశమంతా తిరిగింది.

1974లో నెబ్రాస్కాలో పూర్తయిన ఇంటర్‌స్టేట్ 80 రహదారి ఈ వరసకు ఉత్తరంగా పోయింది, వాహనాలన్నీ అటు మళ్లాయి. పాత పట్టాల మీద బీఎన్‌ఎస్‌ఎఫ్ కంపెనీ గూడ్సులు నడుస్తూనే ఉన్నాయి. ప్రయాణికుల రైలు కాలిఫోర్నియా జెఫిర్ ఈ దారిలోనే పోతుంది గానీ, లింకన్ తర్వాత హేస్టింగ్స్‌లోనే ఆగుతుంది. మధ్యలోని ఎక్సెటర్ పొరుగున ఉన్న మిల్లిగన్‌తో కలిసి బడి నడుపుకునే స్థితికి వచ్చింది.