బాంటింగ్ నియమము

లండను నగరమున విలియం బాంటింగ్ అను గృహస్థుఁ డుండెను. స్థూలకాయుఁ డగుటచే వంగి పాదరక్షల ముడి వేసికొనలేఁడు; మెట్లు వెనుదిరిగి మెల్లగా దిగవలసినదే. పూర్వ మొక వైద్యుని మాటపై ప్రతిదినము ఉదయమున రెండు గంటలు పడవ నడపెను. బలము చేకూరెను, దానితోపాటు ఆఁకలియు హెచ్చెను, శరీర మింకను పెరిగెను. శ్రమించితిమి గదా యని రెట్టింపు భుజించువారు నేఁడును కలరు!

1862వ సంవత్సరమున చెవుడు బాధింపఁగా విలియం హార్వే యను వైద్యునిఁ జూచెను. ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బంగాళాదుంపలు, బీరు మానుమనెను. అఱువదియైదేండ్ల వయసున చిరకాలపు రుచులను విడుచుట సులభమా? తగ్గినదియు సగటున వారమున కొక్క పౌను లోపే. అయినను విడువక, తేదీ వ్రాసి తూఁచుకొనుచు, ఏడాదికిఁ బైగా సాగించి 202 పౌనులనుండి 156కు దిగెను. అనఁగా సుమారు 21 కిలోగ్రాములు తగ్గెను. తన యనుభవమును 1863లోనే చిన్న పుస్తకముగా ముద్రించి ఉచితముగాఁ బంచెను. స్వీడిషు భాషలో ఆహారనియమము పాటించుటను నేఁటికిని ‘బాంటా’ అనియే యందురు.