కళ్ళెము పట్టిన చేయి
(యౌవనుల కూటములకు పాఠము)

చదువవలసిన భాగములు: సామెతలు 12:10; సంఖ్యాకాండము 22:21–34; యోబు 39:19–25; యాకోబు 3:3.



పరిశుద్ధ గ్రంథములో గుఱ్ఱముల ప్రస్తావన అనేక స్థలములలో నున్నది. కాని మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పిల్లలలో గుఱ్ఱము నెక్కినవారు బహు కొద్దిమంది. విజయనగర రాజుల కాలమున అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలలో గుఱ్ఱములు వచ్చెడివి. మన గండికోటవంటి దుర్గములకు రౌతులే బలము. తరువాత మన పట్టణముల వీధులలో జట్కాబండ్లు తిరిగినవి. నేడు అవియు దాదాపు కనబడవు. పెండ్లి ఊరేగింపులో తప్ప మన పిల్లలు గుఱ్ఱమును దగ్గరనుండి చూచుటయే అరుదు.

అయినను ఈ నెల పాఠమునకు గుఱ్ఱమునే తీసికొంటిమి. ఏలయనగా, నోరులేని జీవి యొకటి యౌవనుని చేతిక్రింద నున్నప్పుడు ఆ చేయి ఎట్టిదో గుఱ్ఱముచేత కొయ్య దూకించు చోట తేటగా బయలుపడును. మన పాకలలో ఎడ్లున్నవి, కోడెదూడలున్నవి. గుఱ్ఱమునుగూర్చి నేర్చుకొనునది వాటి విషయములోను పనికివచ్చును.

"రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడు కాళ్ళమీద నడచును" అని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయితే మెత్తదనమునకు మారుగా ఉండవలసినది ఏది? దెబ్బయా, మరి యేదైననా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని పాఠము చదువుడి.

1. ఎక్కుటకు ముందు స్నేహము

స్వారీ నేర్పు స్థలములలో చిన్నపిల్లలకు మొదట ఇచ్చునది పెద్ద గుఱ్ఱము కాదు, తట్టు. మూపు దగ్గర కొలిచినప్పుడు సుమారు నాలుగడుగుల పదంగుళములకు మించని పొట్టి గుఱ్ఱములను ఆ లెక్కలో చేర్చుదురు. మంచి గురువు మొదటి దినముననే పిల్లవానిని జీనుమీద కూర్చుండబెట్టడు. చీపురును, దువ్వెనను చేతికిచ్చును. లాయము ఊడ్చుట, మేను తోముట, గిట్టలలో ఇరుకుకొనిన రాళ్ళు తీయుట, నీళ్ళు పెట్టుట, ఇవి మొదటి పాఠములు. తోమునప్పుడే వీపుమీది పుండు కనబడును. గిట్ట ఎత్తినప్పుడే కుంటుటకు కారణము తెలియును.

గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి. అందుచేత అది తన చుట్టునున్నదానిలో ఎక్కువ భాగము చూడగలదు. అయితే నొసటికి సరిగా ఎదుటను, తోక వెనుకను కొంతచోటు దానికి కనబడదు. వెనుకనుండి చప్పుడు లేకుండ వచ్చి తాకినయెడల అది బెదరి తన్నును. కాబట్టి భుజము ప్రక్కగా, మాటలాడుచు దగ్గరకు పోవలెను. చెవులు మన వైపు తిరిగినయెడల అది వినుచున్నది. చెవులు వెనుకకు అణచిపెట్టినయెడల దానికి కోపమో, భయమో, నొప్పియో కలదు.

గుఱ్ఱములు స్నేహముగా నున్నప్పుడు ఒకదాని మూపును మరియొకటి పండ్లతో గోకును. ఆ చోటనే మనుష్యుడు గోకినను గుఱ్ఱపు గుండె కొట్టుకొను వేగము తగ్గునని ఫ్రాన్సు దేశమున పరిశోధించినవారు 1993లో ప్రకటించిరి. కాబట్టి చెక్కెర బిళ్ళ ఇచ్చి కొనుక్కొను స్నేహముకంటె, ప్రతిదినము అదే వేళకు వచ్చి తోమి గోకిన చేతి స్నేహము గట్టిది. సామెతల గ్రంథకర్త నీతిమంతుని గుర్తుపట్టుటకు మనలను పశువులపాకకు పంపుట గమనించుడి.

2. నేలమీది కొయ్య మొదలుకొని

దూకుట నేర్పువారు మొదట ఏమియు ఎత్తి పెట్టరు. పొడవైన కొయ్యలను నేలమీద వరుసగా పరతురు. కొయ్యకును కొయ్యకును నడుమ తట్టుకైతే సుమారు నాలుగడుగులు, పెద్ద గుఱ్ఱమునకైతే నాలుగున్నర అడుగులు ఎడముంచి, వాటిమీదుగా చిన్న పరుగున నడిపింతురు. గుఱ్ఱము అడుగు చూచి వేయుట నేర్చుకొనును, పిల్లవాడు తూకము తప్పకుండ కూర్చుండుట నేర్చుకొనును. తరువాత రెండు కొయ్యలను ఇంటూ గుర్తువలె అడ్డముగా నిలుపుదురు. అంచులు ఎత్తుగాను నడుమ పల్లముగాను ఉండుటచేత గుఱ్ఱము తానే నడుమకు వచ్చును. అది అలవాటైన పిమ్మట సమముగా పెట్టిన కొయ్య. ఎత్తు బెత్తెడు బెత్తెడుగా పెంచుదురు. ఒకనాడు గుఱ్ఱము బెదరినయెడల మరల నేలమీది కొయ్యకే తీసికొనిపోవుదురు. దానిని ఎవరును ఓటమిగా ఎంచరు.

ఇక రౌతు కూర్చుండు రీతి. సుమారు నూట ఇరువది సంవత్సరముల క్రిందటివరకు ఐరోపా సైన్యములలో రౌతులు గుఱ్ఱము దూకునప్పుడు వెనుకకు వాలి, కళ్ళెమును బిగబట్టుచుండిరి. అట్లు చేయుటవలన దాని ముందరికాళ్ళకు మేలు చేయుచున్నామని తలంచిరి. ఇటలీ సైన్యములో అధికారియైన ఫెదెరీకో కాప్రిల్లి (1868–1907) అను నతడు, రౌతు లేని గుఱ్ఱము తానుగా దూకునప్పుడు ఏమి చేయునో శ్రద్ధతో చూచెను. అది మెడను ముందుకు, క్రిందికి చాచి తన తూకము నిలుపుకొనుచున్నది. ఆ క్షణమున కళ్ళెము లాగినయెడల ఇనుము నోటిలో ఒత్తుకొనును, రౌతు బరువు నడుముమీద పడును. దూకినందుకే దానికి శిక్ష కలుగును. కాబట్టి రౌతు రికాబులమీద కొంచెము లేచి, ముందుకు వంగి, గుఱ్ఱపు మెడతోకూడ తన చేతులను ముందుకు పోనియ్యవలెనని కాప్రిల్లి నేర్పెను. నేడు లోకమంతట దూకుట నేర్పువారికి ఈ పద్ధతియే ఆధారము.

చెప్పుటకు ఇది సులభము, చేయుటకు కష్టము. భయపడిన వాని పిడికిలి దానంతట అదియే బిగియును. అందుచేత క్రొత్తపిల్లలను మెడకు కట్టిన వారునో, జూలునో పట్టుకొనుమందురు. తమ భయమునకు గుఱ్ఱపు నోరు నొప్పిపడకుండుటకే ఈ యేర్పాటు. మడమ క్రిందికి, చూపు ముందుకు ఉండవలెను. తలకు గట్టి టోపీయు, రికాబులో పాదము జారి చిక్కుకొనకుండ మడమగల బూటును లేనిదే ఎవరును ఎక్కకూడదు. చిన్న కళ్ళెము గుఱ్ఱపు దేహమంతటిని త్రిప్పునని యాకోబు వ్రాసెను. అంత బలము చేతిలో నున్నవాడు దానిని ఎంత మెల్లగా పట్టవలెను!

3. మొరాయించినప్పుడు

పోటీలో కొయ్య పడగొట్టినయెడల నాలుగు తప్పులు లెక్కింతురు. గుఱ్ఱము మొదటిసారి కొయ్యయెదుట ఆగినను నాలుగే. పెద్ద పోటీలలో రెండవసారి ఆగినయెడల తొలగింతురు. పదిమంది చూచుచుండగా తట్టు ఆగిపోయినప్పుడు పిల్లవానికి సిగ్గు కలుగును, సిగ్గు వెంట కోపము వచ్చును, కోపము వెంట చేయి లేచును. అతని శిక్షణలో ముఖ్యమైన గడియ ఇదే.

ఆగుటకు కారణము లుండును. జీను వీపును ఒరుసుకొనుచుండవచ్చును. పండ్లలో నొప్పి యుండవచ్చును. క్రిందటిసారి దూకినప్పుడు రౌతు నోరు లాగియుండవచ్చును. మరీ దగ్గరకో, మరీ దూరముననో తెచ్చి దూకుమని యుండవచ్చును. లేదా మనకు కనబడునది దానికి కనబడకపోవచ్చును. గుఱ్ఱము ఎరుపును ఆకుపచ్చను మనవలె వేరుపరచి చూడలేదు. ఇంగ్లండులో దూకుడు పందెముల అడ్డుకొయ్యలకు బహుకాలము నారింజరంగు వేసిరి. అది మనుష్యుల కంటికి కొట్టవచ్చినట్లుండును గాని గుఱ్ఱముల కంటికి అట్లుండదని పరిశోధకులు చూపగా, 2022 మొదలుకొని తెల్లరంగు వేయసాగిరి.

బిలాము గాడిద కథ ఇక్కడ చదువుడి. అది మూడుసార్లు ప్రక్కకు తొలగెను లేక కూలబడెను, మూడుసార్లును దెబ్బలు తినెను. చూడవలసినదానిని చూచినది గాడిద, చూడలేకపోయినవాడు ప్రవక్త. అది అంతవరకు అట్లు చేయు అలవాటుగలది కాదని తుదకు అతడే ఒప్పుకొనవలసివచ్చెను. నమ్మకముగా నడిచిన పశువు ఒకనాడు ఆగినయెడల మొదట అడుగవలసిన ప్రశ్న, "దీనికేమి కనబడినది?" అనునదే.

అయితే రౌతు మెత్తబడవలెనా? కాదు. కొయ్య దగ్గరకు వచ్చి "దూకుదమా, మానుదమా" అని సందేహించు పిల్లవాని క్రింద ఏ గుఱ్ఱమును దూకదు. సందేహము అతని కాళ్ళలో, నడుములో దానికి తెలిసిపోవును. కాబట్టి గురువు ఏమి చేయును? జీనును, కాళ్ళను పరీక్షించి, ఎత్తు తగ్గించి, అదే కొయ్యకు మరల తిన్నగా తెచ్చును. దూకిన వెంటనే మూపు నిమురుమనును. దెబ్బ లేదు, విడిచిపెట్టుటయు లేదు. సామెతలోని మెత్తదనమునకు మారుగా ఉండవలసినది నిలుకడ.

4. కొన్ని మాదిరులు

మన పొరుగున తిరుపతిలో పశువైద్య విద్యార్థులు ఎన్.సి.సి. అశ్వదళములో చేరి స్వారీ నేర్చుకొనుచున్నారు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు యువ అధికారులకును స్వారీ ఒక పాఠము. నిన్నటివరకు పుస్తకములతోనే పరిచయముగల యువతీయువకులు అక్కడ మొదటిసారి జీనెక్కుదురు.

బెంగుళూరువాడైన ఫవాద్ మీర్జా చిన్నతనమునుండి స్వారీ నేర్చెను. అతని తండ్రి పశువైద్యుడు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో సీన్యూర్ మెడికాట్ అను గుఱ్ఱముమీద అతడు వెండిపతకము పొందెను. 2021లో టోకియో ఒలింపిక్ క్రీడలకును ఆ గుఱ్ఱముతోనే వెళ్లి, తుది దూకుడు పోటీవరకు నిలిచి, 23వ స్థానమున ముగించెను. ఇరువది సంవత్సరముల తరువాత ఒలింపిక్ స్వారీలో మన దేశపు రౌతు కనబడుట అదియే. ఆ రెండు క్రీడల నడుమ గడిచిన మూడు సంవత్సరములను తలంచుడి. పోటీ కొన్ని నిమిషములు మాత్రమే, జోడు కుదురుటకు సంవత్సరములు పట్టును.

5. మన ఎడ్లు, మన చేతులు

మన రైతులకు ఈ విద్య క్రొత్తది కాదు. కోడెను కాడికి అలవాటు చేయునప్పుడు నెమ్మదియైన పాత ఎద్దు ప్రక్కన కట్టి, మొదట ఖాళీబండి లాగించుట నేలమీది కొయ్యవంటిదే. అయితే తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు వచ్చినప్పుడు ఆ ఓర్పు ఏమగుచున్నది? ఉలవలు పెట్టి బిడ్డవలె పెంచిన ఎద్దును, గెలుపు దూరమగుచున్నదని తోచగానే చెలకోలతో బాదువారున్నారు. ముల్లుకర్రతో పొడుచుటను 1960 నాటి చట్టము క్రింద 1965లో చేసిన నియమములు నిషేధించినవి. చట్టమునకు వెరచి మానుట మంచిదే. కాని ఉదయమున తన చేతినుండి మేత తిన్న జీవి, సాయంకాలమున అదే చేతిని చూచి బెదరకుండవలెనని మానుట మరింత మంచిది.

ఎద్దు కదలకపోయినయెడల కాడిక్రింద మెడను చూడుడి, గిట్టలు ఎత్తి చూడుడి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలయే యున్నది, ఊళ్ళలో పశువుల ఆసుపత్రులున్నవి. దెబ్బకు ముందు వైద్యుని యొద్దకు పోవుట నేర్చుకొందము.

కూటములో మాటలాడుటకు ప్రశ్నలు

(1) బిలాముకంటె ముందుగా గాడిద చూచినదేమి? అతనికి కోపమేల వచ్చెను?

(2) యోబు గ్రంథములో వర్ణింపబడిన గుఱ్ఱపు బలమును ఎవరిచ్చిరి? ఆ బలము మన చేతికి అప్పగింపబడినప్పుడు మన పూచీ ఏమి?

(3) నిలుకడకును కాఠిన్యమునకును గల భేదమును మీ యింటి పశువుల విషయమై ఒక ఉదాహరణముతో చెప్పుడి.

(4) మీ చేతిక్రింద నున్న తమ్ముడో, చెల్లెలో, కూలివాడో చెప్పిన పని చేయక ఆగినప్పుడు మీరు మొదట అడుగు ప్రశ్న ఏది?

ఈ వారపు పని: ప్రతి యౌవనుడును, యౌవనురాలును తమ యింటి ఎద్దునో, ఆవునో, మేకనో ఏడు దినములు తామే తోమి, మేత పెట్టి, దాని దేహమున ఎక్కడ నొప్పియున్నదో కనుగొని, వచ్చు కూటములో చెప్పవలెను.