బాలికల పక్షమున ఒక శాసనసభ్యురాలు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1-11, మార్కు 5:35-43

సెలోపెహాదు అను మనుష్యునికి కుమారులు లేరు, కుమార్తెలు అయిదుగురు. తండ్రి అరణ్యములోనే చనిపోయెను. ఆనాటి వాడుక ప్రకారము వారికి భూమిలో వంతు రాదు. అప్పుడు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఈ అయిదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుటను పెద్దల యెదుటను నిలిచి తమ సంగతి చెప్పుకొనిరి. మోషే వారిని గద్దించి పంపివేయలేదు. ఏమి చెప్పవలెనో తనకు తెలియనందున వారి మాటను దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి పక్షమున తీర్పు వచ్చెను. అది వారి యింటికి మాత్రమే గాక ఇశ్రాయేలీయులందరికి చట్టమాయెను. ఈ అధ్యాయము మన సంఘములలో అంతగా బోధింపబడదు. ఆస్తి తగవులున్న ఇండ్లవారు మాత్రము దీనిని బాగుగానే ఎరుగుదురు!

ఆ అయిదుగురు సభయెదుట నిలిచి మాటలాడగలిగిరి. పదుమూడేండ్లకే మెడలో తాళి పడి, మరుసటి యేటనే పురిటి మంచమెక్కిన బిడ్డ ఏ సభకు రాగలదు? ఆమె మాటను మరియొకరు చెప్పవలెను. మన రాజధానిలో ఆ పని చేసిన ఒక స్త్రీని గూర్చి ఈ మాసము ఆలోచింతము. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినను ఆమె యొద్ద మనము నేర్చుకొనవలసినది చాలా కలదు.

డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు 1886లో పుదుక్కోటలో జన్మించిరి. ఆమె తల్లి దేవదాసీ కులములో పుట్టినది. 1912లో చెన్నపట్టణములో వైద్యపట్టము పొంది, స్త్రీల ఆసుపత్రిలో పనిచేసిరి. 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి, దాని ఉపాధ్యక్షురాలుగా ఎన్నుకొనబడిరి. బ్రిటిషు ఇండియా శాసనసభలలో కూర్చుండిన మొదటి స్త్రీ ఆమెయే. అప్పటికి కోస్తా జిల్లాలును రాయలసీమయు ఆ మండలి పాలనలోనే యుండెను గనుక, ఆమె మాటలాడినది మన తాతముత్తవ్వల ఇండ్లను గూర్చియే.

1928లో ఆమె సభలో ఒక తీర్మానము ప్రవేశపెట్టిరి. బాలురకు 21, బాలికలకు 16 ఏండ్లు నిండనిదే పెండ్లి కాకుండునట్లు చట్టము చేయవలెనని దాని సారాంశము. మతాచారములలో ప్రభుత్వము చేయి పెట్టరాదనియు, రజస్వల కాకముందే కన్యాదానము చేయుట శాస్త్రమనియు అనేకులు ఆ కాలమున వాదించుచుండిరి. ముత్తులక్ష్మి గారు వైద్యురాలు. కాన్పుగదిలో ఏమి జరుగునో ఆమె ఎరుగును. నడుము ఎముకలు పూర్తిగా ఎదుగని వయస్సులో బిడ్డ బయటికి రాలేక అడ్డుపడును. రెండు మూడు దినములు నొప్పులు పడి బిడ్డ చచ్చిపుట్టును. తల్లి బ్రదికినను, కొందరికి మూత్రము నిలువని జబ్బు మిగులును. వాసన వచ్చుచున్నదని అయినవారే ఆమెకు వేరుగా పశువులపాకలో చాప వేయుదురు. శాస్త్రము పేరు చెప్పి వాదించువారు ఆ చాప దగ్గరకు పోయి చూచినవారు కారు.

ఢిల్లీలోని కేంద్ర సభలో అజ్మీరు వాస్తవ్యుడైన హరబిలాస్ శార్దా గారు 1927లో తెచ్చిన బిల్లు 1929లో చట్టమాయెను. (శారదా చట్టమని మనవారు పిలిచిరి గనుక స్త్రీయని తలంపవద్దు, ఆయన పురుషుడే.) బాలికకు 14, బాలునికి 18 ఏండ్లని అందులో నిర్ణయమాయెను. ముత్తులక్ష్మి గారు అడిగినదానికంటె అది తక్కువ. ఆ చట్టము 1930 ఏప్రిల్ 1న అమలులోనికి రావలసియుండగా, ఆ నడుమనున్న ఆరు నెలలలో జనులు ఏమి చేసిరి? చంకలోని పిల్లలకు సహితము తొందరతొందరగా పెండ్లిండ్లు చేసిరి. 1931 జనాభా లెక్కలలో పదునైదేండ్లలోపు భార్యల సంఖ్య మునుపటికంటె మిక్కిలి హెచ్చెను. గోదావరి ప్రాంతమువారు తెల్లదొరల చట్టము తప్పించుకొనుటకు ఫ్రెంచివారి యానామునకు బండ్లు కట్టుకొనిపోయి పెండ్లిండ్లు చేసికొని వచ్చిరి. అందుచేత ఆ ఊరికి కల్యాణపురమని పేరు వచ్చినది. మనస్సు మారనివానికి ప్రతి చట్టము చుట్టును ఒక యానాము దొరకును.

ముత్తులక్ష్మి గారి రెండవ పోరాటము చిన్నపిల్లలను దేవాలయములకు అర్పించు ఆచారముపైని. దీనినే బసివి యనియు, తెలంగాణములో జోగిని యనియు మనవారందురు. దేవదాసీల ఇనాము భూములను ఆలయసేవ షరతునుండి విడిపించు సవరణ 1929లో ఆమె ప్రయత్నమువలన చట్టమాయెను. గాంధీగారిని నిర్బంధించినందుకు నిరసనగా 1930లో ఆమె సభ్యత్వము వదలుకొనిరి. అర్పణనే నిషేధించు మద్రాసు చట్టము 1947లో గాని రాలేదు.

అయితే 1930లోనే మరియొక సంగతి జరిగెను. ముగ్గురు దేవదాసీ బాలికలు ఆశ్రయము కోరి ఆమె యింటి తలుపు తట్టిరి. చట్టము పూర్తికానిండు, తరువాత చూతమని ఆమె చెప్పలేదు. వారిని చేర్చుకొనిరి. దిక్కులేని బాలికల కొరకైన అవ్వై హోము ఆ విధముగా ఆరంభమాయెను. సభలో వాదించుట కష్టమే. రాత్రివేళ తలుపు తీయుట మరింత కష్టము.

ఇది పాత కథయని తలంపకుడి. 1978లో పెండ్లి వయస్సు బాలికకు 18, బాలునికి 21గా పెంచబడినది. బాలికకు కూడ 21 చేయవలెనని 2021లో లోకసభలో పెట్టిన బిల్లు 2024లో ఆ సభతోనే ముగిసిపోయినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడగా, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనది. తెలంగాణలో నూటికి 23 మందికి పైగా. 15-19 ఏండ్లవారిలో అప్పటికే తల్లులైనవారును గర్భిణులును కలిసి ఆంధ్రలో నూటికి 12 మందికి పైగా నున్నారు. వీరిలో మన బిడ్డలు లేరా?

2006 నాటి చట్టము ప్రకారము బాల్యవివాహము జరిపించినవానికి రెండేండ్లవరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు కలవు. ఆ మాటలో పాదిరియు, సాక్షి సంతకము పెట్టి సహకరించిన పెద్దయు చేరియున్నారు. మన చేతిలో బాప్తిస్మపు రిజిస్టరు ఉన్నది. పిల్ల పుట్టిన తేదీ అందులో మన సిరాతోనే వ్రాయబడినది. పెండ్లి ప్రకటన చదువునాడు ఆ పుస్తకము బీరువాలో ఎందుకుండవలెను? పుట్టిన సర్టిఫికెట్టును దానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడనిమ్ము. అదే చట్టములో మరియొక సంగతి అనేకులెరుగరు: అట్టి పెండ్లి రద్దయినను, పుట్టిన బిడ్డ సక్రమ సంతానముగానే ఎంచబడును. చట్టము శిశువుపై నింద మోపలేదు.

మనము మోపుచున్నాము. పదునారేండ్ల పిల్ల గర్భవతియని తెలిసిన దినమున పెద్దల కూటము కూడి, ఆమెను ఆరాధనలో వెనుక బల్లపై కూర్చుండుమనుట, సంఘము ముందు నిలువబెట్టుట, లేక పరువు నిమిత్తము వారములోగా ఎవనికో కట్టబెట్టుట చూచుచున్నాము. ఆ పురుషుడెవడని అడుగువారు తక్కువ. 2012 నాటి పోక్సో చట్టమునుబట్టి పదునెనిమిది నిండని బాలిక విషయములో ఇది నేరము. తెలిసియు పోలీసులకు తెలుపకుండుట కూడ నేరమే. రాజీ కుదుర్చు అధికారము పెద్దలకు లేదు.

మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని యాయీరు కుమార్తెకు పండ్రెండేండ్లు. ఇంటినిండ ఏడ్చువారును, తరువాత నవ్వినవారును ఉండిరి. ప్రభువు వారందరిని బయటికి పంపి, తల్లిదండ్రులను, తన ముగ్గురు శిష్యులను మాత్రము లోపల ఉంచుకొనెను. ఆమె లేచి నడచిన తరువాత, ఆమెకు ఆహారము పెట్టుమని ఆజ్ఞాపించెను. ఇంతటి అద్భుతము జరిగినచోట అన్నము సంగతి జ్ఞాపకముంచుకొన్నవాడు ఆయనయొక్కడే.

గర్భిణియైన పిల్లకును కావలసినది మొదట అదియే. రక్తము తక్కువగానున్న లేతవయస్సువారికి కాన్పు ప్రాణాపాయము. అంగన్‌వాడిలో పేరు వ్రాయించి పాలు, గ్రుడ్లు ఇప్పించవలెను. ఆశా కార్యకర్తతో ఇనుపమాత్రలు తెప్పించి, తప్పక ఆసుపత్రిలోనే కాన్పు జరుగునట్లు చూడవలెను. సిగ్గుచేత ఇంటిలో దాచి మంత్రసానిని పిలిచినచో రెండు శవములు లేవవచ్చును. స్త్రీల సమాజమువారు ఇద్దరు ఆ యింటికి పోయి తల్లి దగ్గర కూర్చుండిన చాలును, ప్రసంగము అక్కరలేదు. బిడ్డ పుట్టిన తరువాత ఆ పిల్ల మరల బడికి పోవుటకు అమ్మమ్మయో, సంఘములో మరియొక అవ్వయో శిశువును చూచుకొనవలెను.

వచ్చు పెద్దల కూటములో రిజిస్టరు తెరచి, పండ్రెండు మొదలు పదునెనిమిది ఏండ్ల మధ్యనున్న మన బాలికల పేర్లు వ్రాయుడి. ఎనిమిది, తొమ్మిది తరగతులలో బడి మానినవారి పేర్ల క్రింద గీత గీయుడి. ఆ ఇండ్లకు ముందుగా పోవలెను. ఎక్కడనైనను చాటుగా ముహూర్తము పెట్టిరని తెలిసినచో 1098కు ఫోను చేయుడి. దానికి ఖర్చులేదు.