హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము – పాత డ్రమ్ములు కొను రైతులకు

పట్టణముల చెంతనున్న పారిశ్రామిక వాడలనుండి ఖాళీయైన నీలిరంగు డ్రమ్ములును, తెల్లని క్యానులును బండ్లమీద గ్రామములకు వచ్చి చౌకగా అమ్ముడగుచుండుట సభ్యులందఱు నెఱిగినదే. నీళ్లు నిలువచేయుటకు, పురుగుమందు కలుపుటకు, జీవామృతము పులియబెట్టుటకు, కొన్నియిండ్లలో గింజలు దాచుటకు గూడ వానిని వాడుచున్నారు. పూర్వము అందులో నేమి యుండెనని యడిగినచో అమ్మువాడు సబ్బునీళ్లనియో, నూనెయనియో చెప్పును. పలుమాఱు అతనికిని తెలియదు. అట్టి డ్రమ్ములలో వచ్చుటకు అవకాశముగల వస్తువులలో మిక్కిలి ప్రమాదకరమైన దానినిగూర్చి యీ నెల వ్రాయుచున్నాము. దాని పేరు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము. కార్ఖానాలలో క్లుప్తముగా హెచ్. ఎఫ్. అందురు.

ఫ్లోరైడు అనుమాట మనకు క్రొత్తది కాదు. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో బావినీళ్లలోని ఫ్లోరైడువలన పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుములు పడిపోయినవారిని చూచినవారు మన సభ్యులలో పెక్కుమంది గలరు. 1937లోనే నెల్లూరు ప్రాంతమున ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. అది రాతిలోనుండి నీటిలోనికి కొద్దికొద్దిగా దిగి, ఏండ్లతరబడి త్రాగినవారిని పీడించునది. ఇప్పుడు మేము చెప్పబోవునది ఆ జాతిదే యైనను గంటలలో ప్రాణము తీయగలది. ఈ రెంటిని ఒకటిగా నెంచి బావినీళ్లలో ఆమ్లమున్నదని భయపడనక్కఱలేదు.

ఫ్లోర్‌స్పార్ అను ఖనిజమును గంధకామ్లముతో కలిపి కాచినచో ఈ వస్తువు ఆవిరిగా వెలువడును. 1771లో స్వీడను దేశమున షీలే యను రసాయనవేత్త దీనిని పరీక్షించుచుండగా అది గాజుపాత్రనే తినివేసెను. గాజును కరగించు గుణముండుటచేతనే దీనిని సీసాలలో నుంచరు. నీళ్లు కలిపిన ఆమ్లమును ప్లాస్టిక్కు డ్రమ్ములలో పోయుదురు. మనకు వచ్చిన చిక్కు అక్కడనే యున్నది. నీరు కలియని శుద్ధరూపమున నిది 19.5 డిగ్రీల సెంటిగ్రేడువద్ద మరగిపోవును. అనగా మన దేశములో చలికాలపు తెల్లవాఱుజామున ద్రవముగా నుండవచ్చునేమో గాని, తక్కిన వేళలలో మూత తీసినంతనే పొగయై లేచును.

శీతలయంత్రములలోని వాయువులు చేయుటకు, అల్యూమినియము పరిశ్రమకు, స్టెయిన్‌లెస్ ఉక్కుమీది మాలిన్యము పోగొట్టుటకు, గాజుమీద బొమ్మలు చెక్కుటకు దీనిని వాడుదురు. తుప్పుమరకలు తీయు ద్రవములు, మోటారుబండ్ల చక్రములు కడుగు ద్రవములు కొన్నిటిలో ఇదిగాని, దీని బంధువగు అమోనియము బైఫ్లోరైడుగాని యుండును. అదియు తడి తగిలినచో ఇట్లే బాధించును. కావున కార్ఖానా పనికి బోవు మన పిల్లలకే కాక, లారీలు కడుగు దుకాణమున కుదిరిన కుఱ్ఱవానికిని ఈ సంగతి తెలియవలెను.

ఇతర ఆమ్లములు మీదబడిన తక్షణమే మండును. మనిషి కేకవేసి నీళ్లకై పరుగెత్తును. ఆ మంటయే అతనిని రక్షించును. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమున ఆ రక్షణ లేదు. నూటికి ఇరువదిపాళ్లకు తక్కువగా నీళ్లలో కలిసియున్నప్పుడు, చర్మముమీద పడిన తరువాత ఇరువదినాలుగు గంటలవఱకు నొప్పి తెలియకపోవచ్చును. ఇరువదినుండి ఏబదిపాళ్లవఱకున్నచో ఒకటి మొదలు ఎనిమిది గంటల తరువాత తెలియును. ఈలోపల అది చర్మము దాటి, మాంసము దాటి, ఎముకవఱకు దిగిపోవును. పైకి కొంచెము ఎఱ్ఱదనము మాత్రమే కనబడును. లోపలి నొప్పి యోర్వరానిదిగా నుండును.

దీనికి కారణము సున్నపు ధాతువు, అనగా కాల్షియము. ఫ్లోరిను ఎక్కడ కాల్షియము కనబడినను దానిని పట్టుకొని గట్టిపడును. మన ఎముకలలోనే కాక రక్తములోను కాల్షియమున్నది; గుండె కొట్టుకొనుటకు అది యావశ్యకము. రక్తములోని కాల్షియమును ఈ విషము లాగివేసినచో గుండె లయ తప్పి నిలిచిపోవును. గాఢమైన ఆమ్లము రెండు మూడు అరచేతుల వెడల్పున మీదబడినంతమాత్రముననే మరణించినవారు గలరు. చిన్న గాయమే గదా యని ఇంటికడ నూరకుండుట ఇందుచే తగదు.

ఇక చేయవలసినది. ముందుగా తడిసిన బట్టలు, ఉంగరములు, గడియారము తీసివేయవలెను. వెంటనే ధారగా పాఱు నీళ్లక్రింద పదునైదు నిమిషములకు తక్కువ గాకుండ కడుగవలెను. కాల్షియము గ్లూకోనేటు అను మందు నూటికి రెండున్నర పాళ్లు కలిపిన లేహ్యము దగ్గఱనున్నచో, అయిదు నిమిషములు కడిగి, చేతికి దళసరి తొడుగు వేసికొని దానిని గాయముమీద మరల మరల రుద్దుచు ఆసుపత్రికి గొనిపోవలెను. లేహ్యము లేనిచో కడుగుట మానక, 108 బండిని పిలువవలెను. కంటిలో పడినచో నీళ్లతోనే కడుగవలెను, ఆ లేహ్యము కంటిలో పెట్టరాదు. మ్రింగినచో వాంతి చేయింపరాదు. స్మృతియున్నచో కొంచెము పాలుగాని నీళ్లుగాని యిచ్చి వెంటనే తీసికొనిపోవలెను. పొగ పీల్చినవాడు బాగుగానే యున్నట్లు కనబడినను వైద్యునకు చూపక విడువరాదు. కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాల్షియము మందని విని గాయమునకు తాంబూలపు సున్నము పూయుదురేమో! అట్లు ఎంతమాత్రము చేయరాదు. సున్నము తానే చర్మమును కాల్చును. పసుపు, పేడ, సిరా, పండ్లుతోముకొను పేస్టు మున్నగునవి పూసినచో వైద్యునకు గాయము కనబడదు. ఆసుపత్రిలో వట్టి యాసిడ్డు పడినదని చెప్పుట చాలదు. హైడ్రోఫ్లోరిక్ అని పేరు చెప్పవలెను. కాల్షియము గ్లూకోనేటు సూదిమందు సాధారణముగా ఆసుపత్రులలో నుండునదే. దాని నెక్కించుటకును, గుండెను యంత్రముతో కనిపెట్టియుండుటకును వైద్యునకు ఆ పేరు తెలిసియుండవలెను. పేరు తెలియనిచో డబ్బామీది చీటీనైనను తీసికొనిపోవుడు.

ఈ ఆమ్లము పొలములను ఏమిచేయునో కొరియా రైతులు చూచిరి. 2012 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ కొరియాలోని గుమి పట్టణమున ఒక కార్ఖానాలో తొట్టిబండినుండి శుద్ధమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమును దింపుచుండగా సుమారు ఎనిమిది టన్నులు బయటికి వెడలి పొగయై వ్యాపించెను. అయిదుగురు మరణించిరి. పని చేయువారు తగిన కవచములు ధరించియుండలేదు. ఆ పొగ గోడ దాటి ప్రక్క పల్లెల పొలములమీదికి సాగెను. అది కోతలకు ముందటి కాలము. 200 హెక్టార్లకు పైగా పంట చెడినది. వరిచేలును, పండ్లతోటలును మాడినవి. మూడువేలకు మించిన పశువులకు బాధ కలిగెను. వేలకొలది జనులు దగ్గు, తలనొప్పి, చర్మపు మంటలతో వైద్యులకడకు బోయిరి. ప్రమాదము తీఱినదని యెంచి మఱునాడే యిండ్లకు మరలి వచ్చిన పల్లెవారు, చెట్లు మాడుట చూచి, తామును బాధపడి, కొలదిదినములకు మరల ఊరు విడువవలసి వచ్చెను. అక్టోబరు 8న గాని ప్రభుత్వము ఆ చోటును ప్రత్యేక విపత్ప్రాంతముగా ప్రకటింపలేదు. అధికారుల మాటకంటె ఆకుల మాట ముందుగా వినబడినదని మాకు తోచుచున్నది.

ఆకు ఈ పొగను తన సన్నని రంధ్రములగుండ పీల్చును. లోపలికి బోయిన ఫ్లోరైడు నీటితోపాటు ఆకుకొనకును అంచులకును చేరి అక్కడ నిలిచిపోవును. అందుచే మొదట మాడునవి కొనలు, అంచులు. ద్రాక్ష దీనికి త్వరగా లొంగును. ఆ మేత తిన్న పశువులకు, చాలకాలము తిన్నచో, పండ్లు అరిగి కాళ్లు పట్టుకొనును. కావున కార్ఖానా చెంత చేలుగల సభ్యులు, ఒకే దిక్కున ఆకుల అంచులన్నియు మాడుట చూచినచో తెగులని మందు కొట్టుటకు ముందు వ్యవసాయాధికారికి చూపవలెను. ఉప్పునేలవలనను, పొటాషు కొఱతవలనను గూడ అంచులు మాడును గనుక పరీక్ష లేనిదే ఎవరిమీదను నింద మోపరాదు.

తెల్లని పొగ ఘాటుగా నేలబారున వచ్చుచున్నచో దానికి అడ్డముగా ప్రక్కకు తొలగి, పిమ్మట గాలి వచ్చు దిక్కునకును మెట్టకును పోవలెను. పశువులను విప్పుటకు పొగలోనికి బోరాదు. 101కు తెలుపవలెను. పొగ తగిలిన మేత, కూరలు, మూతలేని తొట్టినీళ్లు పరీక్ష యగువఱకు వాడరాదు.

ఇక డ్రమ్ముల విషయము. బిళ్లమీద 1790 అను సంఖ్య యున్నచో అది ఈ ఆమ్లపు ద్రావణము. తొట్టిబండిమీద 1052 అని యున్నచో శుద్ధమైన ఆమ్లము. కపాలము, చేయి కరగుచున్న బొమ్మ గూడ నుండును. అమ్మువారు చీటీలు చించివైతురు గనుక, చించిన గుఱుతున్న డ్రమ్మును కొననే కొనరాదు. కడిగిన సరిపోవునని కొందఱందురు. ఆ కడిగిన నీళ్లు చెఱువులోనికే గదా పోవును! ఇనుపడబ్బాయైనచో ఆమ్లము ఇనుమును తినునప్పుడు హైడ్రోజను పుట్టి లోపల బిగిసియుండును. నిప్పుతో కోయించినచో ప్రేలును. ఇప్పటికే యింట చీటీలేని డ్రమ్ము గలవారు దాని మూత తెఱవక, కాల్చక, పిల్లలకును పశువులకును దూరముగా నుంచి, అందు త్రాగునీరు పోయుచున్నచో నేటినుండి మాని, సంఘ కార్యదర్శికి తెలుపగోరెదము.