ఏ వేలు, ఏ యాళ్ల?

ఇబ్రహీంపట్నం

కోడలు పిల్లా,

ఫోన్ల చెప్తే కుట్టు మిషిను చప్పుడుల సగమే ఇంటవ్, అందుకే రాస్తున్న. వేళ్లు నొస్తున్నయ్ అన్నవ్. ఏ వేలంటే "అన్నీ" అన్నవ్. గట్టిగ అడిగితే కుడిచేతి ఉంగరపు వేలని తేలింది. పొద్దున లేవంగనే అది వంగి బిగుసుకపోయి ఉంటదని, ఎడమచేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటదని చెప్పినవ్. దానికి నువ్వు చేసే వైద్యం ఏందంటే బాము రాసుకునుడు, మెడికల్ షాపుల అడిగి తెచ్చిన నొప్పి గోలి పూటకొకటి మింగుడు!

ఇన్నేండ్లు నర్సు కొలువు చేసినదాన్ని, ఒక మాట చెప్త విను. వేలినొప్పి అంటే ఒక్క రోగం కాదు. ఏ వేలు, అందుల ఏ కణుపు, దినంల ఏ యాళ్ల నొస్తది అన్నది నువ్వు సరిగ్గ చెప్పగలిగితే డాక్టరుకు సగం దారి దొరికినట్టే. గోలి మింగినవంటే ఆ గుర్తులన్నీ మాసిపోతయ్. రోజూ మింగితే కడుపుల పుండు, కిడ్నీలకు చేటు అదనం.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీది ట్రిగ్గర్ ఫింగర్ లెక్కనే ఉన్నది. వేళ్లను వంచే పెద్ద కండలు వేళ్లల్ల ఉండయి బిడ్డా, మోచేతి కింద ఉంటయ్. అక్కడినుంచి టెండన్లు అనే తాళ్లు అరచేతి మీదుగ వచ్చి, వేలు మొదలుకాడ ఒక ఇరుకు కట్టు కిందినుంచి దూరి వేలిలకు పోతయ్. పొద్దస్తమానం కత్తెర ఒత్తీ ఒత్తీ ఆ కట్టు మందమైతది, టెండన్ ఉబ్బుతది. దారానికి ముడిపడితే సూది బెజ్జంల ఎట్ల తట్టుకుంటదో నీకు నేను చెప్పాల్నా? అరచేతిల ఆ వేలు మొదలుకాడ బొటనవేలు పెట్టి ఒత్తుకుంట వేలు వంచి చూడు. చిన్న గడ్డ కదిలినట్టు తెలుస్తది. నొప్పి నడిమి కణుపుల ఉన్నట్టు అనిపిస్తది గని, అసలు రోగం ఇక్కడ.

దీనికి భయం లేదు. కొన్ని వారాలు ఆ వేలికి పని తగ్గియ్యి. రాత్రి వేలు వంగకుండ పట్టీ కట్టుకో, పొద్దున గోరువెచ్చని నీళ్లల్ల చేయి పెట్టి మెల్లగ ఆడియ్యి. నూనె పెట్టి గట్టిగ తోమిచ్చుకునుడు, మెటికలు ఇరిపిచ్చుకునుడు వద్దే వద్దు. తగ్గకపోతే ఆ కట్టు కాడ స్టెరాయిడ్ ఇంజక్షన్ ఒకటి ఇస్తరు, సగానికి ఎక్కువమందికి దాంతోనే నిమ్మళమైతది. అప్పటికీ కాకపోతే చేతికి మత్తిచ్చి ఆ కట్టును కోసి విడిచిపెడతరు. చిన్న ఆపరేషను, అదే రోజు ఇంటికి రావొచ్చు. కాకపోతే ముందు షుగర్ చూపిచ్చుకో. మీ నాయనకున్నది, నీకు నలభై దగ్గరపడ్డయ్. షుగరున్నోళ్లకు ఈ రోగం ఎక్కువ వస్తది, ఇంజక్షన్ తక్కువ పనిచేస్తది, పైగ నాలుగు రోజులు షుగరును ఎగదోస్తది.

ఇంకోటి, ఆ కత్తెరకు సాన పట్టియ్యి. మొండి కత్తెరతోని లైనింగు గుడ్డ నాలుగు మడతలు ఒక్కపారే కోస్తవ్, నేను చూసిన. రెండు మడతలే కొయ్యి. పిడికి మెత్తటి గుడ్డ చుట్టు. మనోళ్లు పని చేసే చెయ్యి నొయ్యక ఏమైతది అంటరు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం వాళ్లమ్మ చీర నేతకు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుకుంట ఆసు పోసేది. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలె. ఆమె భుజం, మోచెయ్యి పోటు చూడలేక కొడుకు 1999ల ఆసు యంత్రం తయారుచేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంట్ల మారింది పనిముట్టు. నీకు యంత్రం అక్కర్లేదు, సానవాడు వచ్చినప్పుడు పిలిస్తే చాలు.

మీ అమ్మది వేరే కథ. వదిన నడిరాత్రి లేచి చెయ్యి విదిలిచ్చుకుంటదని అన్నవ్ గదా? బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతయ్, చిటికెనవేలుకు ఏం కాదు. అట్లయితే అది మణికట్టు కాడ నరం నలిగే కార్పల్ టన్నెల్. రాత్రి మణికట్టు పట్టీ కట్టాలె, థైరాయిడ్, షుగర్ చూపియ్యాలె. బొటనవేలు కింది కండ కరిగేదాక ఊకుంటే పట్టు పూర్తిగ తిరిగి రాకపోవచ్చు. మీ చెల్లె పసిపిల్లను ఎత్తుకునేటప్పుడు బొటనవేలు మొదలు గుంజుతుందంటే అది బాలింతలకు మస్తుగ వచ్చేదే. చంకల కింద చేతులేసి ఎత్తకుండ, పిల్ల కిందినుంచి అరచెయ్యి పెట్టి ఎత్తమను.

నేను నిజంగ భయపడేది రెండింటికి. ఒకటి, రెండు చేతుల వేలిమొదళ్లూ నడిమి కణుపులూ ఉబ్బి, పొద్దున గంటసేపు పిడికిలి పడకపోవుడు. అది రుమటాయిడ్ కావొచ్చు. మన దిక్కు ఆడోళ్లు వాతమని ఊకుంటరు, లేకుంటే పొట్లంల కట్టిచ్చే తెల్లగోలీలు మింగుతరు. అవి చాలావరకు స్టెరాయిడే. రెండు దినాలల్ల ఎగిరి దుంకేటట్టు చేస్తయ్, లోపల కీలు అరిగేది అరుగుతనే ఉంటది. మొదటి నెలలల్లనే సరైన మందు మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండ చానావరకు కాపాడుకోవచ్చు. ఈ రోగమున్నోళ్లకిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కపారే వేసుకోవాలె, రోజూ వేసుకుంటే పానం మీదికొస్తది. హైదరాబాద్ నిమ్స్‌ల కీళ్లవాతానికి వేరే విభాగమే ఉన్నది, ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కితే పంజాగుట్టల దిగొచ్చు. చికెన్‌గున్యా జ్వరం తర్వాత కూడ నెలలకొద్దీ ఇట్లనే పట్టుకుంటది, 2006ల మన ఊళ్లల్ల చూసినం గదా. అందుకే జ్వరమొచ్చిందా అని డాక్టరు అడిగితే మర్చిపోకుండ చెప్పాలె.

రెండోది సూది గుచ్చుకునుడు. వేలికొన ఎర్రగై, బిర్రుగై, రాత్రంతా సలుపుతుంటే నిమ్మకాయ తొడిగి కూసోకు. నిమ్మకాయ చల్లగుంటది, చీమును ఆపదు. ఉంగరం తీసి అదే రోజు దవాఖానకు పో.

ఈ సోమవారం యాచారంల పొద్దుటి బస్సెక్కి రా. ఇక్కడి సర్కారు దవాఖానల నేనే తోల్కపోయి చూపిస్త. ఏమీ తినకుండ రా, షుగర్ చూడాలె. మింగిన గోలీల అట్టలు పారెయ్యకు, తెచ్చి చూపియ్యి.

మీ మేనత్త