తప్పు కంప్యూటరుదేనా?

నిరుడు మన ఉపకార వేతనాల జాబితాలో ఒక అమ్మాయి పేరు ఎగిరిపోయింది. ప్రోగ్రాం రాసినవారిని అడిగితే "మీరే వివరాలు సరిగా ఎక్కించలేదు" అన్నారు. "మీ ప్రోగ్రామే తినేసింది" అని మేమన్నాం. రెండు వారాలు ఇలాగే గడిచాయి. కాలేజీ ఫీజు గడువు మాత్రం మా వాదన తేలేదాకా ఆగలేదు.

ఆ సమయంలోనే 2019 నాటి తెలంగాణ ఇంటర్ ఫలితాల వ్యవహారం మళ్లీ తిరగేశాం. ఏప్రిల్ 18న ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిన్నర లక్షల మందికి పైగా రాస్తే మూడు లక్షలకు పైగా తప్పారు. పరీక్ష రాసినవారికి గైర్హాజరు పడిందని ఫిర్యాదులొచ్చాయి. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. తల్లిదండ్రులు బోర్డును నిలదీశారు. ఫలితాల పని చేసిన గ్లోబరీనా సంస్థపైనా వేళ్లు లేచాయి. ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ లోపాలు రెండు వైపులా ఉన్నాయని తేల్చింది. తప్పినవారందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ చూస్తే 1,137 మంది ఉత్తీర్ణులయ్యారు.

మంచిర్యాల జిల్లా అమ్మాయి సంగతి ఇంకా ఆలోచించదగ్గది. తెలుగులో 99 వస్తే 00 పడింది. బబ్లింగ్ చేసిన చేయి పొరపాటది. యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టే తీసుకుంది. అలాగని యంత్రం వైపువారిని పూర్తిగా వదిలేయలేం. తక్కిన అన్నింటిలో మంచి మార్కులున్న పిల్లకు ఒక్కదానిలో సున్నా వస్తే, ఆగి చూడమని చెప్పే నియమం పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. దాన్ని పెట్టమని అడగవలసింది ఎవరు? పని చేయించుకున్నవారే. పిల్లకు జవాబు చెప్పవలసిందీ ఫలితంపై ఎవరి పేరుందో వారే. కాంట్రాక్టరుతో తగవు తర్వాత చూసుకోవచ్చు.

ఇది చదివాక మా వాదన మాకే చిన్నబుచ్చుకునేలా తోచింది. మీ సొమ్ము మా చేతిలో అమానతు, ప్రోగ్రామరు చేతిలో కాదు. ముందు ఆలస్య రుసుముతో సహా ఫీజు కట్టి, తర్వాత కారణం వెతికాం. ఒకే పేరున్న ఇద్దరమ్మాయిలు, ఇద్దరి ఇంటిపేరూ షేక్. తగరపువలసలో అది వింత కాదని మీకు తెలుసు. పేరు కలిస్తే మనిషి ఒకరేనని ప్రోగ్రాం ఒకదాన్ని కొట్టేసింది. వారిని వేరుచేసే పుట్టిన తేదీ గడి మేమే ఖాళీగా వదిలాం.

ఈ ఏడాది పుట్టిన తేదీ లేని దరఖాస్తును ప్రోగ్రాం తీసుకోదు. పాత చేతి పుస్తకం కూడా మళ్లీ తెరిచాం. రెండు జాబితాలూ కలిశాకే చెక్కులపై సంతకాలు పడుతున్నాయి.